మన కంప్యూటర్‌కు స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్



కంప్యూటర్ గురించిన ఈ ప్రసంగాన్ని సూరత్ నగరంతో మొదలుపెడుతున్నాను. గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరం వజ్రాల సానకూ, చీరలకూ, జరీకీ పేరుపడింది. అక్కడి మరమగ్గాల మీద పనిచేసేవారిలో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల్లో చేతి మగ్గం కూడు పెట్టలేని రోజుల్లో కొందరు భివండీకి, కొందరు సోలాపూర్‌కు, ముంబయికి వెళ్లారు. మరికొందరు సూరత్ చేరారు. అక్కడి లింబాయత్ ప్రాంతంలో నడిస్తే ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది.

అలాంటి బడిలో చదివిన పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. వీధిలో గుజరాతీ, బజారులో హిందీ మాట్లాడతాడు. కంప్యూటర్ ముందు కూర్చోగానే ఇంగ్లీషు తప్ప గత్యంతరం లేదనుకుంటాడు. ఆ కంప్యూటర్ కూడా కొత్తది కాదు. ఏ చీరల దుకాణమో వాడి అమ్మేసినది, రెండో చేతి బేరం. అందులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు లైసెన్సు ఉందో లేదో అమ్మినవాడూ చెప్పడు, కొన్నవాడూ అడగడు. సిరిసిల్లలోనో, మంగళగిరిలోనో, మీ ఊళ్లోనో పరిస్థితి దీనికి భిన్నంగా ఉంటుందని నేననుకోను. ఆ పాత యంత్రాన్ని ఏం చేయాలన్నదే ఇవాళ మన ప్రశ్న.

ముందుగా ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో చూద్దాం. కీబోర్డు, తెర, డిస్కు, జ్ఞాపకశక్తి, ప్రింటర్, ఇవన్నీ వేర్వేరు భాగాలు. మీరు ఉత్తరం రాసే ప్రోగ్రాం గానీ పాట వినిపించే ప్రోగ్రాం గానీ వీటితో నేరుగా మాట్లాడదు. మధ్యలో ఒక పెద్దమనిషి ఉంటాడు. ఎవరికి ఎంత జ్ఞాపకశక్తి ఇవ్వాలి, డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుంది, ప్రింటర్ ముందు ఎవరి వంతు అన్నవి అతనే చూసుకుంటాడు. అదే ఆపరేటింగ్ సిస్టమ్. దాని గుండెకాయను కెర్నెల్ అంటారు.

ఇప్పుడు మళ్లీ మగ్గం దగ్గరకు వద్దాం. 1804 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జాకార్డ్ అనే ఆయన మగ్గానికి చిల్లుల అట్టలు తగిలించాడు. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, దానికి సంబంధించిన కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట పోగు కిందనే ఉండిపోతుంది. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట. అట్టల దండ మారితే చీర మీద పువ్వు మారుతుంది, మగ్గం మాత్రం అదే. ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి ఈ అట్టల ఆలోచననే అరువు తెచ్చుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హొలెరిత్ చిల్లుల కార్డులనే వాడాడు. నేతపనివారి పిల్లలకు కంప్యూటర్ పరాయిది కాదని నేను అనేది మాటవరసకు కాదు. దాని వంశవృక్షంలో మగ్గం ఉంది.

ఆ అట్టలు ఎలా తయారవుతాయి? ముందు నమూనాను గళ్ల కాగితం మీద గీస్తారు. ఆ కాగితం మనిషి చదవగలిగేది. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. అట్ట యంత్రం చదివేది. కంప్యూటర్ ప్రోగ్రాంలోనూ ఇంతే. మనిషి రాసేది సోర్స్ కోడ్, అది గళ్ల కాగితం. యంత్రానికి అందేది ఒకట్లు, సున్నాల వరస, అవి అట్టలు. అట్టలను చూసి నమూనాను తిరిగి గీయడం ఓపిక ఉన్న నేతగాడికి సాధ్యమే. కోట్ల అంకెల ప్రోగ్రాం నుంచి సోర్స్ కోడ్‌ను ఉన్నదున్నట్టుగా రాబట్టడం మాత్రం దాదాపు అసాధ్యం. కాబట్టి గళ్ల కాగితం ఎవరి పెట్టెలో ఉంటే ప్రోగ్రాం వారి చెప్పుచేతల్లో ఉంటుంది. విండోస్ సోర్స్ కోడ్ మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంటుంది. మనకు అట్టలే ఇస్తారు, అవి కూడా లైసెన్సు షరతుల మీద.

దీనికి ఎదురు నిలిచినవాడు అమెరికాలో ఎం.ఐ.టి. సంస్థలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్. 1983 సెప్టెంబరు 27న ఆయన గ్నూ అనే పథకాన్ని ప్రకటించాడు. ప్రోగ్రాంను ఏ పనికైనా వాడుకోవచ్చు, దాని సోర్స్ కోడ్ చదివి మార్చుకోవచ్చు, ప్రతిని పొరుగువారికి ఇవ్వవచ్చు, మార్చిన ప్రతిని కూడా పంచవచ్చు. ఈ నాలుగు హక్కులూ ఉన్నదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్నాడు. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట వాడతారు కాబట్టి ఆయన తన ఉద్దేశం డబ్బు గురించి కాదని నలభై ఏళ్లుగా వివరిస్తూనే ఉన్నాడు. మనకు ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అని తెలుగు పిల్లవాడికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

గ్నూ పథకంలో చాలా భాగాలు తయారయ్యాయి గానీ కెర్నెల్ కుదరలేదు. 1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లో లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి తాను సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అది పెద్దదేమీ కాబోదని ప్రకటించాడు. అదే లినక్స్ కెర్నెల్. మరుసటి ఏడాది దాన్ని గ్నూ వారి జి.పి.ఎల్. అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. ఎవరు మార్చి పంచినా ఆ మార్పుల సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలన్నది ఆ లైసెన్సులోని కీలకమైన షరతు. పెద్దది కాబోదన్న ఆ కెర్నెల్ 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అతివేగమైన 500 సూపర్ కంప్యూటర్లన్నిటిలోనూ నడుస్తోంది. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అందులోనూ ఉన్నది లినక్స్ కెర్నెలే. లినక్స్ వాడటం కష్టమేమో అని భయపడేవారు ఆ మాటను చాలాసార్లు లినక్స్ ఉన్న ఫోన్‌లోనే టైపు చేస్తుంటారు.

కెర్నెల్, గ్నూ పరికరాలు, తెర మీది కిటికీలు, రాతకూ లెక్కలకూ కావలసిన ప్రోగ్రాంలు అన్నీ కూర్చి ఇచ్చే మూటను డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993లో మొదలైన డెబియన్, దాని మీద ఆధారపడి 2004లో వచ్చిన ఉబుంటు, 2006లో వచ్చిన లినక్స్ మింట్ వీటిలో పేరున్నవి. విండోస్‌కు అలవాటుపడినవారికి మింట్ తేలిక.

ఇక అసలు చిక్కుకు వద్దాం. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులకు షరతులతో 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు ప్రకటించారు. మద్దతు ముగియడం అంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా బయటపడే లోపాలకు అతుకులు రావడం ఆగిపోతుంది. లోపం సంగతి దొంగలకు తెలుస్తుంది, తలుపు మాత్రం బాగుపడదు. మరి విండోస్ 11కు మారవచ్చు కదా? దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్ కావాలి. సుమారుగా 2018కి ముందు తయారైన యంత్రాల్లో చాలా వాటికి ఆ అర్హత లేదు. రెండో చేతి బజారులో దొరికేవి ఎక్కువగా అవే. చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని పాత ఇనుము కింద అమ్మేసి కొత్తది కొనడం ఒక దారి. తాళం పగలగొట్టిన దొంగ ప్రతి వేయించడం, బజారులో చెప్పే రెండో దారి. అలా తాళం పగలగొట్టిన ప్రోగ్రాంతో పాటు ఇంకేం లోపలికి వచ్చిందో వేసినవాడికి కూడా తెలియదు. ఆ కంప్యూటర్ మీదే అమ్మానాన్నల బ్యాంకు ఖాతా తెరిచే ఇళ్లున్నాయి, అది మరచిపోవద్దు.

మూడో దారి లినక్స్. నాలుగు జీబీ మెమరీ ఉన్న పదేళ్ల నాటి యంత్రం మీద కూడా మింట్ నడుస్తుంది. ఇంకా తేలిక కావాలంటే అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే రూపం ఉంది. అయితే మరీ పాతవైన 32-బిట్ యంత్రాలకు ఈ దారి కూడా మూసుకుపోతోంది. ఉబుంటు, మింట్ ఇదివరకే వాటిని వదిలేశాయి. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13 కూడా వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

అందరూ మారవలసిందేనా? కాదు. లినక్స్ అభిమానులు కొందరు దాచే మాట ఇది. సూరత్ బట్టల మార్కెట్‌లో లెక్కలన్నీ టాలీలో ఉంటాయి. టాలీ విండోస్ కోసం తయారైనది. సేటు దగ్గర గుమాస్తాగా చేరి ఆ లెక్కలు రాసే కుర్రవాడు దుకాణం కంప్యూటర్ మార్చమంటే ఉద్యోగం పోతుంది. చీరల డిజైన్లు గీసే ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు, ఫోటోషాప్, ఆటోక్యాడ్ లాంటివి కూడా లినక్స్ కోసం తయారుచేయడం లేదు. బదులుగా జింప్, ఇంక్‌స్కేప్, లిబ్రెకాడ్ ఉన్నాయి. నేర్చుకోవడానికి అవి చాలు. కానీ డిజైనర్ ఉద్యోగానికి వెళ్తే అక్కడ అడిగేది వేరు. ఇళ్లలో కూర్చుని రాసే కొన్ని ఆన్‌లైన్ పరీక్షల నిఘా సాఫ్ట్‌వేర్‌కు విండోస్ తప్పనిసరి. వాలొరాంట్ వంటి కొన్ని ఆటలు లినక్స్‌లో ఆడవు. దీన్ని లోపమంటారో సుగుణమంటారో మీ ఇంట్లో పెద్దవారిని అడగండి.

అంటే పనిని బట్టి నిర్ణయించుకోవాలి. మీ పని చదువు, రాత, ప్రాజెక్టు రిపోర్టు, ఇంటర్నెట్, వీడియో పాఠాలు, ప్రోగ్రామింగ్ అయితే మారడానికి అడ్డంకి ఏమీ లేదు. సి, పైథాన్ నేర్చుకునేవారికైతే లినక్స్ సొంత ఇల్లు లాంటిది.

ఇప్పుడు తెలుగు సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మన డీటీపీ కేంద్రాలు దశాబ్దాలుగా అను ఫాంట్లతో పనిచేశాయి. పత్రికలు, పెళ్లిపత్రికలు, పాఠ్యపుస్తకాలు ఎన్నో అందులోనే తయారయ్యాయి. అందులో తెలుగు అక్షరానికి తెలుగు సంఖ్య ఉండదు. ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చుంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అంటే మీ నాన్నగారు 2000లో టైపు చేయించిన కుల సంఘం పుస్తకం మీ చేతిలో ఉండి కూడా చదవలేరు, దానిలో ఒక పేరు కూడా వెతకలేరు. గళ్ల కాగితం మరొకరి దగ్గర ఉండటం అంటే ఏమిటో ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

దీనికి మందు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకు 128 స్థానాల అర కేటాయించారు. ప్రతి అక్షరానికీ ఎక్కడైనా ఒకే సంఖ్య. కానీ సంఖ్య ఉన్నంత మాత్రాన అక్షరం తెర మీద సరిగా కనిపించదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని తీసుకోండి. కంప్యూటర్ లోపల అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. వీటిని చదివి, ఏది వత్తు అవుతుందో, గుడి ఎవరి నెత్తిన కూర్చోవాలో తేల్చి, ఒక్క రూపంగా గీసే ప్రోగ్రాం ఒకటి కావాలి. లినక్స్ ప్రపంచంలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ కూడా దాన్నే వాడతాయి. దాని సోర్స్ కోడ్ బహిరంగం కాబట్టి, ఒక వత్తు తప్పుగా పడితే అది తెలిసిన తెలుగువాడు చెప్పవచ్చు, చేతనైతే స్వయంగా దిద్దవచ్చు. ఏ కంపెనీ వ్యాపార విభాగానికీ తెలుగు మార్కెట్ లాభసాటిగా కనిపించేదాకా కాచుకోనక్కరలేదు.

ఇలా పనిచేసినవారు ఉన్నారు. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఈనాటికీ డెబియన్‌లో దొరుకుతాయి. భారతీయ భాషలను లినక్స్‌లోకి తేవాలని 2000 ప్రాంతంలో ఇండ్‌లినక్స్ అనే బృందం పని మొదలుపెట్టింది. రెడ్‌హ్యాట్ సంస్థ 2004లో లోహిత్ ఫాంట్లను స్వేచ్ఛగా విడుదల చేసింది, వాటిలో తెలుగూ ఉంది. 2005లో హైదరాబాద్‌లో ఏర్పడిన సంస్థ తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది. డెబియన్ ఆధారంగా, మెనూలూ సందేశాలూ తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను వారు తయారుచేశారు. ఆ పనిలో ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు పెద్ద సంఖ్యలో పాలుపంచుకున్నారు.

అనువాదం విషయంలో నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. పాస్‌వర్డ్‌ను 'సంకేతపదం' అంటే ఎవరికైనా అర్థమవుతుంది. సేవ్‌ను 'భద్రపరచు' అంటే ఇంకా బాగుంది. ఫైలును 'దస్త్రం' అనడం మాత్రం నాకు అంతగా రుచించదు. ఫైలు అన్న మాటను మన తాలూకా కచేరీలు ఎప్పుడో తెలుగు చేసేశాయి. అయితే ఇలా నచ్చని మాటను మార్చమని ప్రతిపాదించే వీలు ఉండటమే ఈ పద్ధతిలోని సుఖం. ఇంకో సంగతి. ప్రతి కొత్త విడుదలతోనూ వందల కొత్త వాక్యాలు వచ్చి చేరుతుంటాయి. అనువదించే చేతులు తగ్గితే మెనూల్లో సగం తెలుగు, సగం ఇంగ్లీషు కనిపిస్తాయి. ఈ పనికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు. ఇంట్లో తెలుగు, బయట మరో రెండు భాషలు మాట్లాడే సూరత్ పిల్లలకు ఇంతకంటే తగిన పని ఏముంటుంది?

పెద్ద ఎత్తున మారినవారి అనుభవం కూడా చూద్దాం. 2003 మే 28న పుణెలో మాట్లాడుతూ అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం మనలాంటి దేశానికి ఓపెన్ సోర్స్ దారే మేలని అన్నారు. 2007లో సీ-డాక్ సంస్థ డెబియన్ ఆధారంగా బాస్ అనే భారతీయ రూపాన్ని విడుదల చేసింది. 2015లో కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ప్రకటించింది. కానీ కాగితాన్ని దాటి నిజంగా జరిగింది కేరళలో. అక్కడి ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదట విండోస్‌తోనే ప్రారంభమైంది. ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. తర్వాత క్రమంగా లినక్స్ వచ్చి, పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదే జరిగే స్థితి ఏర్పడింది. 2019 నాటికి రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లు దాని మీద నడుస్తున్నాయి. దీనివల్ల 3,000 కోట్ల రూపాయలు ఆదా అయ్యాయని అప్పట్లో ప్రకటించారు. ప్రతి యంత్రానికీ అన్ని లైసెన్సులూ పూర్తి ధరకు కొని ఉంటే అన్న లెక్క అది. బడులు అలా కొని ఉండేవని నేను నమ్మను. అయినా అక్కడ నిలబడిన అసలు సంగతి వేరు. వాళ్లు సీడీ పంచి ఊరుకోలేదు, ముందు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ కథ ఇందుకు భిన్నం. 2004లో నిర్ణయించి, 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లను మార్చారు. 2017లో తిరిగి విండోస్‌కే వెళ్లాలని తీర్మానించారు. సాంకేతిక కారణాలా, రాజకీయ కారణాలా అన్న వాదన ఇంకా తెగలేదు. పై అధికారికి ఇష్టం లేకపోతే ఎంత మంచి యంత్రమైనా మూల కూర్చుంటుందని మాత్రం అర్థమవుతుంది. ఇంటి కంప్యూటర్‌కు పై అధికారి మీ నాన్నగారో, అక్కగారో అవుతారు. వారిని ఒప్పించకుండా రాత్రికి రాత్రి మార్చేయకండి.

మారే పద్ధతి చెప్పి ముగిస్తాను. ముందుగా మీ ఫోటోలు, పాఠాలు, సర్టిఫికెట్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ఈ ఒక్క పని చేయకుండా తర్వాతి వాక్యం చదవద్దు. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి ఖాళీది చూసుకోండి. మింట్ అధికారిక సైటు నుంచి సుమారు మూడు జీబీల ఐఎస్‌ఓ ఫైలు దించుకోవాలి. ఫైలు దారిలో చెడిపోలేదని నిర్ధారించడానికి అక్కడే ఇచ్చిన సరిచూపు సంఖ్యతో పోల్చండి. దాన్ని రూఫస్ లేదా ఎచర్ అనే చిన్న ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు.

కంప్యూటర్ ఆపి మళ్లీ వెలిగించేటప్పుడు ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ లాంటి మీట నొక్కితే ఎక్కడినుంచి మొదలవ్వాలో అడుగుతుంది. ఏ మీట అన్నది తయారీదారును బట్టి మారుతుంది. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే డిస్కును ముట్టుకోకుండానే లినక్స్ మొత్తం తెర మీదికి వస్తుంది. దీన్ని లైవ్ పద్ధతి అంటారు. ఇక్కడ తొందరపడకండి. వైఫై అందుతోందా, శబ్దం వినిపిస్తోందా, కెమెరా పనిచేస్తోందా, తెలుగు పుట సరిగా కనిపిస్తోందా, రెండు రోజులు చూడండి. ఏది కుదరకపోయినా పెన్‌డ్రైవ్ తీసేస్తే మీ పాత కంప్యూటర్ ఎప్పటిలాగే ఉంటుంది.

అన్నీ కుదిరితే ఇన్‌స్టాల్ చేయండి. విండోస్ పక్కనే లినక్స్ కూడా ఉంచే వీలుంది. టాలీ నేర్చుకుంటున్న కామర్స్ విద్యార్థులకు ఇదే మంచిది. విండోస్‌లో బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే దాని రికవరీ సంఖ్యను ముందే కాగితం మీద రాసుకోండి. డిస్కులో లినక్స్‌కు కనీసం 40 జీబీ వదలండి.

తెలుగు టైపు చేయడానికి ఐబస్ అనే ఏర్పాటులో తెలుగును చేర్చాలి. ఇన్‌స్క్రిప్ట్ ప్రభుత్వ ప్రమాణం. హిందీ, గుజరాతీలకు కూడా దాని అమరిక ఒక్కటే కాబట్టి, క ఉన్న మీట మీదే మూడు భాషల కకారమూ ఉంటుంది. సూరత్‌లో ఉన్నవారికి ఇది ఒకసారి నేర్చుకుంటే మూడుసార్లు లాభం. ఇంగ్లీషు అక్షరాలతో రాసే అలవాటు ఉన్నవారికి ఆర్‌టీఎస్ పద్ధతి ఉంది. దాన్ని అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదివిన తెలుగువారు రూపొందించారు.

లిబ్రెఆఫీస్‌లో రాసిన రిపోర్టును కళాశాలకు పంపేటప్పుడు పీడీఎఫ్‌గా మార్చి పంపండి, అప్పుడు పేజీలు చెదరవు. ఇక ప్రింటర్. కొత్తది కొనబోయే ముందు ఆ మోడల్ లినక్స్‌లో పనిచేస్తుందా అని దుకాణంలో అడిగితే సాధారణంగా తెలియదంటారు. మీ పెన్‌డ్రైవ్‌నూ, ఒక ల్యాప్‌టాప్‌నూ వెంట తీసుకెళ్లి, దుకాణంలోనే ఒక తెలుగు పేజీ ప్రింటు తీయించి చూడండి.